పెద్ద చేప పడిందా? తాడు చేతికి చుట్టవద్దు!

ఒడ్డున నిలబడి గేలం వేసేవారికి చేప పడటం అదృష్టం. పెద్ద చేప పడితే మాత్రం అది పరీక్షే. భీమిలి మొదలు పూడిమడక దాకా తీరం వెంబడి ఇసుకలోనూ, రాళ్లపైనా గేలాలు వేసేవారు కనిపిస్తూనే ఉంటారు. చిన్న చేపలను తరుముకుంటూ పార, పండుగప్ప, మాగ వంటివి కెరటాలు విరిగే చోటికి వస్తాయి. ఒక్కోసారి సొర, టేకు కూడా గేలానికి తగులుతాయి. తగిలిన చేప చేజారిపోవడానికి చాలాసార్లు కారణం దాని బలం కాదు, మనిషి తొందర.

ఆ తొందర ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. 2025 జూలైలో పూడిమడకకు చెందిన ఒక మత్స్యకారుడు నడిసముద్రంలో గేలానికి పడిన కొమ్ము కోనాంను పైకి లాగబోగా, ఆ చేపే ఆయన్ను నీళ్లలోకి లాక్కుపోయింది. వేటలో పుట్టి పెరిగినవారికే ఇలా జరిగిందంటే, సరదాకు గేలం వేసేవారు మరెంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పనక్కరలేదు.

పరుగు తీయనివ్వాలి

పెద్ద చేప గేలం మింగగానే లోపలికి పరుగు తీస్తుంది. అప్పుడు ఎదురు లాగితే తాడు తెగుతుంది, లేదా దవడ చీరి గేలం ఊడిపోతుంది. తాడు వదలాలి. అలాగని వదులుగా వేలాడనిస్తే చేప ఒక్క విదిలింపుతో గేలం వదిలించుకుంటుంది. బిగువు పోకుండా కొద్దికొద్దిగా వదలడమే కిటుకు. చేప అలసి ఆగినప్పుడు లాగాలి, మళ్లీ ఉరికితే మళ్లీ వదలాలి. చేప పక్కకు పోతుంటే మనిషీ ఒడ్డు వెంబడి దానితోపాటు నడవాలి.

రీలు వాడేవారు దాని బ్రేకును ముందే సరిచూసుకోవాలి. తాడు తట్టుకునే బరువులో మూడో వంతుకు మించి బిగించకూడదు. పది కిలోలు ఆపే తాడైతే మూడు కిలోల లాగుడుకే రీలు తిరగాలి. తాడు ముందుగా తెగేది ముడి దగ్గరే. అందుకే ముడిని తడిపి బిగించాలి. రాతికి గీసుకున్న భాగాన్ని కోసి పారేయాలి.

చేతితాడు వేసేవారు దానిని ఎన్నడూ చేతికి గానీ, నడుముకు గానీ చుట్టుకోరాదు. చేప ఉరికినప్పుడు నైలాను తాడు వేళ్లను ఎముక దాకా కోస్తుంది. చేతికి తొడుగు గానీ, దళసరి గుడ్డ గానీ ఉండాలి. వదిలిన తాడు కాళ్ల చుట్టూ పడకుండా చూసుకోవాలి. మొలలో చిన్న కత్తి తప్పనిసరి.

కెరటమే కూలీ

చేప అలసి ఒడ్డు దగ్గరకు వచ్చాక పని అయిపోయిందనుకోవడం పొరపాటు. లోతు తగ్గగానే అది బెదిరి చివరిసారి ఉరుకుతుంది. ఎక్కువ చేపలు పోయేది ఇక్కడే. కెరటం ఒడ్డుకు వచ్చేటప్పుడు వెనక్కి నడుస్తూ లాగాలి. అదే కెరటం వెనక్కి మళ్లేటప్పుడు ఆగాలి, అవసరమైతే తాడు వదలాలి. ఎందుకంటే అప్పుడు చేప బరువుకు నీటి లాగుడు కూడా తోడవుతుంది. మరో కెరటం వచ్చి చేపను ఇసుక మీద పడేస్తుంది. నీరు తీయగానే, తర్వాతి కెరటం రాకముందే, దానిని పైకి ఈడ్చాలి.

చేప కోసం నడుము లోతు నీటిలోకి దిగకూడదు. కాళ్ల కింది ఇసుకను నీరు లాగేస్తుంది. రాళ్లపై వేసేవారు దిగి చేపను పట్టే జాగా ముందే చూసుకుని మరీ గేలం విసరాలి. పక్కన మరో మనిషి ఉండటం మంచిది.

ఒడ్డున కూడా జాగ్రత్త

పండుగప్ప మొప్పల అంచు కత్తిలా కోస్తుంది. జెల్ల ముల్లు, టేకు తోకలోని ముల్లు విషపూరితం. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత తప్పక ఆసుపత్రికి వెళ్లాలి.

చేప లాగుడుకు కాలు నిలవకపోతే తాడు కోసేయడమే తెలివి. గేలం మళ్లీ కట్టుకోవచ్చు, చేప మరోనాడు పడుతుంది. బతికుంటే బలుసాకు తినవచ్చునని పెద్దలు ఊరికే అనలేదు.