కాపలా కుక్క తిండి సరిపోతోందా? డొక్క తడిమి చూడండి

గుడివాడ నుంచి కైకలూరు పోయే దారిలో ముదినేపల్లి చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే. చెరువు గట్టున ఓ పాక, పాక ముందు ఓ కుక్క. రాత్రిపూట చెరువులో దొంగ వల పడకుండా, పాకలోని మోటారు, మేత బస్తాలు మాయం కాకుండా చూసేది అదే. చేలో కుప్ప నూర్చే రోజుల్లో ధాన్యం రాశి దగ్గరా అదే. జీతం లేదు, సెలవు లేదు. మనం దానికి ఇచ్చేది రెండు పూటలా ఇంత తిండి. ఆ తిండి దాని ఒంటికి పడుతోందో లేదో ఎప్పుడైనా చూశారా?

"మా కుక్కకేమండీ, కడుపు నిండా తింటుంది" అంటారు ఎవరిని అడిగినా. కడుపు నిండటం వేరు, ఒంటికి పట్టడం వేరు. గేదె విషయంలో ఈ తేడా మీకు చెప్పక్కర్లేదు. ఒట్టి వరిగడ్డి మేపితే కడుపు నిండుతుంది గానీ పాలు దిగవు. కుక్క పాలు పిండేది కాదు కాబట్టి దాని లోటు మన కంట పడదు, అంతే.

గుర్తు మీ చేతిలోనే ఉంది

తిండి మంచిచెడ్డలు తెలియాలంటే ముందు చూడాల్సింది పళ్లాన్ని కాదు, కుక్కను. దాన్ని నిలబెట్టి రెండు అరచేతులూ పక్కటెముకల మీద ఆనించి మెల్లగా ముందుకూ వెనక్కూ పోనివ్వండి. ఎలా తగలాలో పోల్చుకోవడానికి మీ చెయ్యే కొలత. పిడికిలి బిగించి ఆ కణుపుల మీద రెండో చేతి వేళ్లు పోనివ్వండి. పక్కటెముకలు అలా గుచ్చుకుంటే కుక్క చిక్కిపోయినట్టు. ఇప్పుడు పిడికిలి విప్పి చెయ్యి చాచి వెనుకవైపు తడమండి. ఎముక తెలుస్తుంది, గుచ్చుకోదు. అలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అరచేతి కండలా మెత్తగా ఉండి, ఎముక కోసం నొక్కి వెతుక్కోవాల్సి వస్తే కొవ్వు పట్టినట్టు.

తర్వాత పైనుంచి చూడండి. పక్కటెముకల వెనుక నడుము కాస్త లోపలికి పోవాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కు పోయేకొద్దీ డొక్క పైకి లేవాలి. పశువైద్యులు ఇలాగే చూసి 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. 4 గానీ 5 గానీ వస్తే మంచి ఒళ్లు. అంతకంటే తక్కువైతే బక్క, ఎక్కువైతే లావు. మన నాటు కుక్క సహజంగానే సన్నం. చివరి పక్కటెముకలు ఒకటి రెండు లీలగా కనపడితే కంగారు పడొద్దు. వెన్నుపూస, తుంటి ఎముకలు పొడుచుకొస్తేనే ఆలోచించాలి. బొచ్చు కుక్కలను మాత్రం కంటితో నమ్మొద్దు, చేత్తోనే చూడాలి.

మేత బస్తాలు తూచే కాటా ఉంటే ఇంకా మంచిది. మీరు కుక్కను ఎత్తుకుని ఒకసారి, దింపి ఒకసారి తూగండి. తేడా రాసి పెట్టుకోండి. నెలకోసారి చాలు.

మలం కూడా తిండి సంగతి చెబుతుంది. ముద్దగా ఉండి, పారతో ఎత్తితే నేలకు అంటుకోకుండా రావాలి. రోజూ పల్చగా పోతున్నా, జిగురు, నెత్తురు కనపడినా తిండి పడటం లేదనో, కడుపులో పురుగులున్నాయనో అర్థం. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోతే కొంకిపురుగులో, గోమార్లో నెత్తురు పీలుస్తున్నాయేమో వైద్యుడికి చూపించాలి. అప్పుడు ఎంత తిండి పెట్టినా దండగే. బొచ్చు మొద్దుబారి ఊడుతున్నా తిండిని అనుమానించవచ్చు. అయితే తిండి మార్చిన వారానికే బొచ్చు మెరవదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి.

అన్నం తప్పు కాదు, ఒట్టి అన్నం తప్పు

కుక్కకు అన్నం పనికిరాదు, మాంసమే పెట్టాలి అని ఈ మధ్య కొందరు చెబుతున్నారు. అది నిజం కాదు. తోడేలు కంటే కుక్క పిండిపదార్థాన్ని బాగా అరిగించుకుంటుందని, మనిషి దగ్గర మసలడం మొదలుపెట్టాక దాని జన్యువుల్లోనే ఆ మార్పు వచ్చిందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో 'నేచర్' పత్రికలో రాశారు. మన నూకలన్నం దానికి బాగానే అరుగుతుంది. చిక్కు ఎక్కడంటే, మనం పెట్టేది నూకలన్నం, గంజి, దాని మీద ఇంత పులుసు నీళ్లు.

లెక్క చూడండి. 15 కిలోల కుక్కకు రోజుకు 850 కేలరీల దాకా కావాలి. అదంతా అన్నంతోనే రావాలంటే 650 గ్రాముల వండిన అన్నం పెట్టాలి. అందులో మాంసకృత్తులు 17 గ్రాములకు మించవు. ఆ కుక్కకు కావలసినవి సుమారు 25 గ్రాములు. లోటు 8 గ్రాములు. ఒక్కో గుడ్డులో 6 గ్రాములుంటాయి. అంటే రెండు ఉడికించిన గుడ్లు వేసి, అన్నం ఓ గుప్పెడు తగ్గిస్తే లోటు పూడినట్టే. గుడ్డు భారమైతే ఉడికించి ముళ్లు తీసిన చేప 50 గ్రాములు చాలు. చెరువు రైతుకు అదేమంత కష్టం కాదు. రాత్రంతా మేలుకునే కుక్కకు, చలికాలంలో ఇంకొంచెం ఎక్కువే పట్టొచ్చు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రెండు మూడింతలు కావాలి.

మాంసకృత్తులు సరిపోయినా సున్నం లోటు మిగులుతుంది. గుడ్డు పెంకులు ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా నూరి ఆ సైజు కుక్కకు రోజుకు అర టీచెంచా అన్నంలో కలపండి. వారానికోసారి ఉడికించిన కోడి లివరు కాస్త పెడితే మంచిది. పాలు కొన్ని కుక్కలకు పడవు, విరేచనాలు అవుతాయి. పెరుగన్నం మేలు. ఉల్లిపాయ పచ్చిదైనా, ఉడికినదైనా కుక్క నెత్తురుకు చేటు. కాబట్టి కూర గిన్నె అడుగు రోజూ దానికే ఊడ్చి వేసే అలవాటు మానుకోవాలి. బందరు ఉప్పుచేప తలలు వేసేవారు బాగా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వేయండి. చెరువు నిండా నీళ్లున్నాయి కదా అనుకోకుండా తాగే నీళ్లు విడిగా తొట్టిలో పెట్టండి.

బొజ్జ చూసి మురిసిపోవద్దు

ఇది నేను చేసిన తప్పే కనుక చెబుతున్నాను. మా ఇంటికి తెచ్చిన కుక్కపిల్ల బుర్రలా పొట్ట వేసుకుని తిరుగుతుంటే, పాలన్నం బాగా వంటబట్టిందని ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డాం. తీరా చూస్తే పొట్ట తప్ప ఒళ్లంతా ఎముకలే. పురుగుల మందు వేసిన మర్నాడు ఏలికపాములు ఉండలు ఉండలుగా పడ్డాయి. ఈ పాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరతాయి. అందుకే రెండు మూడు వారాల వయసు నుంచే, మూడు నెలలు నిండేదాకా పదిహేను రోజులకోసారి మందు వేయించాలి. తర్వాత మూడు నెలలకోసారి. వీటి గుడ్లు మట్టిలో ఆడుకునే మన పిల్లల నోట్లోకి కూడా పోతాయి.

పాలు మాన్పించిన పిల్లకు రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. ఒట్టి అన్నంతో పెంచితే కాళ్లు వంకరపోతాయి. ఆ వంకర తర్వాత గుడ్లు పెట్టినా పూర్తిగా పోదు.

మీరు పెట్టనిది ఏం తింటోంది?

అసలు ప్రమాదం ఇక్కడుంది. పళ్లెంలో పెట్టింది సగమైతే, గట్టు మీద ఏరుకుని తినేది సగం.

వల లాగినప్పుడు చచ్చిన చేపలు, పేగులు కుక్క ముందు పడేయడం మామూలే. బంగారు తీగ వంటి కార్పు జాతి చేపల్లో, ముఖ్యంగా పేగుల్లో, బి1 విటమిన్‌ను విరిచేసే పదార్థం ఉంటుంది. వారాల తరబడి పచ్చి చేపే తిండి అయితే కుక్క తిండి మానేస్తుంది, నడకలో తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. ఒక పొంగు కాదు, బాగా ఉడికిస్తే ఆ పదార్థం చచ్చిపోతుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క చేపలకే మంచిది కాదు, కుక్కకైతే లివరు చెడిపోయి ప్రాణం మీదికే వస్తుంది. ఆ బస్తా దాని నోటికి అందనివ్వకండి.

చేలో ఎలుకల మందు మనం నూకలు, నూనె కలిపి చేస్తాం. కుక్కకు రోజూ పెట్టేదీ నూకలే. దానికి తేడా ఏం తెలుస్తుంది? ఎర పెట్టిన రోజుల్లో కుక్కను కట్టేయండి, చచ్చిన ఎలుకలను పూడ్చండి. బ్రోమోడయోలోన్ తిన్న కుక్కకు కొద్ది రోజుల తర్వాత ముక్కు నుంచో, చిగుళ్ల నుంచో నెత్తురు కారుతుంది. వెంటనే తీసుకెళితే విటమిన్ కె ఇంజక్షన్లతో బతికే అవకాశం ఉంది. జింకు ఫాస్ఫైడుకు విరుగుడు లేదు.

ఇక గొర్రె, మేక కోసిన చోట పడేసే ఊపిరితిత్తులు, లివరు. వాటిలో నీటి బుడగల్లాంటి తిత్తులుంటే, పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో అవి చిన్న బద్దెపురుగులవుతాయి. ఒక్కోటి బియ్యపు గింజకు మించదు. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద, నీళ్లలో పడతాయి. ఆ గడ్డి మేసిన గేదెకు, ఆ కుక్కను నిమిరి చెయ్యి కడగకుండా అన్నం తిన్న మనిషికి లివరులో, ఊపిరితిత్తుల్లో తిత్తులు పెరుగుతాయి. ఏళ్ల తరబడి తెలియదు. తెలిసేసరికి చాలామందికి ఆపరేషనే దారి. కాబట్టి తుక్కు మాంసం వేయాలనుకుంటే అరగంటకు పైగా ఉడికించి వేయండి, లేకపోతే లోతుగా పూడ్చండి. ఈ పురుగుకు ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్రే పని చేస్తుంది. మాత్ర రాయించుకునేటప్పుడు ఆ సంగతి వైద్యుడితో చెప్పండి.

ఉడికిన కోడి ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది, వేయొద్దు.

ఎముక మాట వచ్చింది కాబట్టి మరొక్కటి. ఉన్నట్టుండి కుక్క తిండి మానేసి, దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, నీళ్లు మింగలేకపోతుంటే గొంతులో ఎముక అడ్డం పడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టకండి. రేబిస్ కూడా ఇలాగే కనపడుతుంది. కుక్కను తాకకుండా వేరుగా ఉంచి పశువైద్యుడికి కబురు చేయండి. అప్పటికే చొంగ గాయానికి తగిలినా, పన్ను గీసుకున్నా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోవాలి.