ఏ ఆత్మకూరు? కంప్యూటర్ అడగదు!

ఫోన్‌లో ‘ఆత్మకూరు’ అని కొట్టి చూడండి. నల్లమల అంచున, నంద్యాల జిల్లాలో ఒకటి. నెల్లూరు జిల్లాలో ఇంకొకటి. అనంతపురం జిల్లాలో మరొకటి. తెలంగాణకు వెళ్తే వనపర్తి, హనుమకొండ జిల్లాల్లోనూ ఉన్నాయి. మనుషులైతే ‘శ్రీశైలం అడవి దగ్గర ఆత్మకూరేనా?’ అని అడిగి తెలుసుకుంటారు. కంప్యూటర్ అడగదు. పేరు కలిస్తే చాలు, ఒకటే ఊరు అనుకుంటుంది.

అయితే మనకేంటి అంటారా? పొలం కొంటే ఆ వివరాలు రిజిస్ట్రేషన్ శాఖ డేటాబేస్‌లో పడతాయి. అడంగల్, 1-బి మాత్రం రెవెన్యూ శాఖ వెబ్‌ల్యాండ్‌లో ఉంటాయి. బ్యాంకు లెక్కలు ఇంకోచోట. ఒకచోట మారిన పేరు మిగతా చోట్లా మారాలి. దాన్నే సింక్ అంటారు. అది కుదరకపోతే పొలం మీది, పైరు మీది, రికార్డులో మాత్రం పాత యజమాని! అప్పు కోసం వెళ్లినా, పంటల బీమాకు వెళ్లినా తిరగడమే మిగులుతుంది.

పేరుతో కలిపితే చిక్కే

రెండు టేబుళ్లను కలపడానికి ఎస్‌క్యూఎల్‌లో ‘జాయిన్’ వాడతారు. ఊరి పేరుతో జాయిన్ చేస్తే నంద్యాల వైపు రైతు వివరాలు నెల్లూరు వైపు అతుక్కోవచ్చు. పోనీ, జిల్లా పేరు కూడా కలిపితే? 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా కర్నూలు జిల్లాలో ఉన్న ఆత్మకూరు నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఒక డేటాబేస్‌లో జిల్లా మార్చి, ఇంకోదాంట్లో మార్చకపోతే జాయిన్‌కు ఆ ఊరే దొరకదు.

సర్వే నంబర్ ఒక్కటీ చాలదు. 112 అనే నంబర్ చాలా ఊళ్లలో ఉంటుంది. ఊరి కోడ్, సర్వే నంబర్, సబ్‌డివిజన్ మూడూ కలిస్తేనే అది ఫలానా పొలం. ఇలా ఒక్క వరుసనే పట్టిచ్చే గుర్తును ‘కీ’ అంటారు. గ్రామాలకు ఇలాంటి కోడ్‌లు కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో దొరుకుతాయి.

సింక్ ఎలా చేస్తారు?

ముందు ఏ వివరానికి ఏ డేటాబేస్ మాట చెల్లుతుందో తేల్చుకోవాలి. ప్రతి వరుసకూ ‘చివరిగా మారిన సమయం’ కాలమ్ ఉంటే, కిందటి సింక్ తర్వాత మారినవే తెచ్చుకోవచ్చు. తర్వాత ‘మెర్జ్’ కమాండ్: కీ ముందే ఉంటే అప్‌డేట్, లేకపోతే ఇన్సర్ట్. ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాలి. మధ్యలో కరెంటు పోతే సగం మారి సగం మిగలకుండా ‘రోల్‌బ్యాక్’ అవుతుంది.

చాలామంది వదిలేసేది ఆఖరి పని. ఏ కీతోనూ కలవని వరుసలను పారేయకుండా వేరే టేబుల్‌లో పెట్టి, మనిషికి చూపించాలి. పది వేల వరుసల్లో ముప్పై కలవకపోతే ప్రోగ్రామర్‌కు అది చిన్న లెక్కే. ఆ ముప్పైలో మీ నాన్న పొలం ఉంటే?

మీ ఇంట్లో ఈమధ్య పొలం చేతులు మారిందా? మీభూమి పోర్టల్‌లో 1-బి తీసి, అందులో ఎవరి పేరుందో ఇవాళే చూడండి.