ఖాళీగా కనిపించే దీవి: మాల్దీవుల రిసార్ట్‌ బసపై అపోహలు, వాస్తవాలు

మాల్దీవుల రిసార్ట్‌ ఫొటోల్లో మనుషులు కనిపించరు. నీలం నీళ్లు, తెల్లటి ఇసుక, నీళ్ల మీదికి వంగిన కొబ్బరిచెట్టు, దానికో ఊయల, అంతే. ఆ ఫొటో చూసే హనీమూన్‌కో పాతికేళ్ల పెళ్లిరోజుకో లక్షలు పెట్టి టికెట్లు కొంటున్నాం. ఆ ఏకాంతం అబద్ధమేమీ కాదు. కానీ దాని వెనక చట్టముంది, యంత్రాలున్నాయి, వందల మంది చాకిరీ ఉంది. ఇవేవీ తెలియకుండా వెళితే డబ్బు అనవసరంగా పోతుంది, చూడాల్సినవి చూడకుండానే తిరిగొస్తాం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

మాల్దీవుల్లో దాదాపు 1,200 పగడపు దీవులున్నాయి. జనం ఉండేవి వాటిలో రెండు వందల లోపే. 1972లో కురుంబా అనే మొదటి రిసార్ట్‌ తెరిచిన తర్వాత, ఊళ్లు లేని దీవులను ఒక్కోటి ఒక్కో రిసార్ట్‌కు లీజుకిచ్చే పద్ధతి స్థిరపడింది. మనం డబ్బిచ్చి కొనుక్కునే ఏకాంతం ఈ విధానం నుంచి పుట్టిందే.

అపోహ: మాలేలో విమానం దిగితే రిసార్ట్‌ చేరినట్టే

రాజధాని మాలే విమానాశ్రయం హుల్‌హులే అనే దీవి మీద ఉంది. మీ రిసార్ట్‌ అక్కడికి పడవలో ఇరవై నిమిషాల దూరంలోనూ ఉండొచ్చు, సీప్లేన్‌లో ముప్పావుగంట దూరంలోనూ ఉండొచ్చు. సీప్లేన్లు నడిచేది పగటి వెలుతురులోనే. పైలట్‌ కళ్లతో నీటిని, అలలను చూస్తూ దించాలి కాబట్టి చీకటి పడ్డాక ఎగరవు. సాయంత్రం నాలుగు దాటాక మాలేలో దిగినవాళ్లకు మామూలుగా ఆ రోజు సీప్లేన్‌ దొరకదు. రాత్రి విమానాశ్రయం పక్కనున్న హుల్‌హుమాలేలో ఏదో హోటల్లో పడుకుని తెల్లారి బయల్దేరాలి. ఈలోపు రిసార్ట్‌లో ఆ రాత్రికి కట్టిన గది అద్దె పోయినట్టే. విమానం టికెట్‌ కొనేటప్పుడు ఛార్జీ రెండువేలు తక్కువని సాయంత్రం దిగే విమానం ఎంచుకున్న జంటలు, రిసార్ట్‌లో ఒక రాత్రి మొత్తం వదులుకుంటున్నారు. ముందు రిసార్ట్‌కు మెయిల్‌ రాసి, సీప్లేన్‌ అందాలంటే మాలేలో ఎన్నింటికల్లా దిగాలో కనుక్కోండి. విమానం టికెట్‌ ఆ తర్వాతే కొనండి.

సీప్లేన్‌లో బరువుకూ లెక్క ఉంటుంది. సాధారణంగా ఒక్కొక్కరికి 20 కిలోల పెట్టె, 5 కిలోల చేతిసంచి. అంతకు మించితే కిలోకింతని కట్టాలి. ఎక్కేది పదిహేను మంది పట్టే ట్విన్‌ ఆటర్‌ అనే చిన్న విమానం. ఏసీ ఉండదు, ఇంజిన్ల హోరుకు చెవులు మూసుకోవాల్సి వస్తుంది, పైలట్లు చాలాసార్లు చెప్పులు కూడా లేకుండా నడుపుతారు. ఇబ్బంది అనిపించినా నిద్రపోకండి, కిటికీ దగ్గర కూర్చోండి. పగడాల వలయాలు ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో లేత నీలం, అంచు దాటగానే ఒక్కసారిగా ముదురు నీలం! మాల్దీవుల నిర్మాణం అర్థమయ్యేది పైనుంచి చూసినప్పుడే.

అపోహ: ప్యాకేజీ డబ్బు కట్టేశాం, ఇక ఖర్చేం ఉండదు

రిసార్ట్‌లో ఉండే విదేశీ పర్యాటకులకు మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్‌ ట్యాక్స్‌ పడుతుంది. 2025 జనవరి ముందు అది 6 డాలర్లే. ఇద్దరు నాలుగు రాత్రులుంటే 96 డాలర్లు. దూరపు రిసార్ట్‌ అయితే సీప్లేన్‌ రానుపోను ఛార్జీ ఒక్కొక్కరికి నాలుగైదు వందల డాలర్ల దాకా ఉంటుంది, ప్యాకేజీలో చాలాసార్లు అది కలవదు. ఇక బిల్లు సంగతి. మెనూలో 100 డాలర్లని ఉన్న భోజనానికి ముందు 10 శాతం సర్వీస్‌ ఛార్జీ చేరి 110 అవుతుంది. దాని మీద 17 శాతం పర్యాటక జీఎస్టీ. చివరికి చేతికొచ్చే బిల్లు 128 డాలర్ల 70 సెంట్లు. మెనూలో ధర పక్కన చిన్నగా రెండు ప్లస్‌ గుర్తులుంటే అర్థం ఇదే.

హాఫ్‌బోర్డ్‌ అంటే ఉదయం ఫలహారం, రాత్రి భోజనం మాత్రమే. తాగేవాటికి వేరే కట్టాలి. నడిచి బయటికెళ్లి ఏ బడ్డీకొట్టులోనో తినే వీలుండదు. దీవి మొత్తం ఒకటే యాజమాన్యం. అందుకే నా మాట: నాలుగు రోజులకంటే ఎక్కువ ఉండేవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు అన్నీ కలిసిన ప్లాన్‌ తీసుకోవడమే మేలు. గది ఒక మెట్టు తగ్గించుకున్నా పర్వాలేదు. శాకాహారులైతే బుకింగ్‌ అప్పుడే స్పష్టంగా చెప్పాలి. అక్కడి స్థానిక వంటలో ట్యూనా చేప లేనిది అరుదు. భారతీయ వంటవాళ్లున్న రిసార్ట్‌లు చాలానే ఉన్నాయి, ముందుగా చెబితే పప్పు, కూర చక్కగా చేసిపెడతారు.

అపోహ: అది మనిషి చెయ్యి పడని ప్రకృతి

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే. చుట్టూ సముద్రమున్నా ఆ దీవిలో ఏరు లేదు, చెరువు లేదు. ఇసుక కింద కొద్దిపాటి మంచినీటి పొర ఉన్నా ఎక్కువ తోడితే ఉప్పునీరు పైకొస్తుంది. అందుకే మీరు స్నానం చేసే నీరు, తాగే నీరు అన్నీ సముద్రపు నీటిని శుద్ధి చేసి తీసినవే. ఆ యంత్రం నడవడానికి కరెంటు కావాలి. సౌర ఫలకాలు పెరుగుతున్నా, ఇప్పటికీ ఎక్కువ దీవుల్లో కరెంటు డీజిల్‌ జనరేటర్ల నుంచే వస్తోంది. డీజిల్‌ ఓడలో రావాలి.

ఈ ఏర్పాటు ఎంత సున్నితమైనదో 2014 డిసెంబర్‌లో లోకానికి తెలిసింది. మాలేలోని శుద్ధికేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి నగరం మొత్తానికి తాగునీరు ఆగిపోయింది. భారత వాయుసేన విమానాల్లో, నౌకాదళం ఓడల్లో నీళ్లు మోసుకెళ్లాయి. ఒక దేశ రాజధానికి విమానాల్లో మంచినీళ్లు పంపాల్సి వచ్చిందంటే అక్కడ నీటికున్న విలువ ఏమిటో ఊహించుకోవచ్చు.

పళ్లెంలోకి వచ్చే తిండీ అంతే. చేప, కొబ్బరి తప్ప దాదాపు అన్నీ బయటి నుంచి రావాల్సిందే. బియ్యం, గోధుమపిండి, పంచదార, గుడ్లు, ఉల్లిగడ్డలు, బంగాళాదుంపల్లాంటి వాటికి భారత్‌ 1981 వాణిజ్య ఒప్పందం కింద ప్రత్యేక కోటా ఇస్తోంది, మన దగ్గర ఎగుమతులు నిషేధించిన కాలంలోనూ. బఫేలో వడ్డించుకుని వదిలేసే ఆమ్లెట్‌ సముద్రం దాటి వచ్చింది. మిగిలినదంతా చెత్త అవుతుంది. దాన్ని పోయడానికి మాలే పక్కన తిలఫుషి అనే దీవినే తయారుచేసుకున్నారు, 1990ల మొదట్లో లగూన్‌ను, అంటే పగడపు దిబ్బ చాటున ఉండే లోతు తక్కువ నీటిని, చెత్తతో పూడ్చి.

ఇక మనుషులు. అతిథులు లేవకముందే బీచ్‌ మీద ఆకులు, అలలు తెచ్చిపడేసిన నాచు ఊడ్చి ఇసుకను చదును చేసేవాళ్లుంటారు. మాల్దీవుల వాళ్లతోపాటు బంగ్లాదేశ్‌, శ్రీలంక, మన దేశం నుంచి వచ్చి నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండేవాళ్లు. సిబ్బంది గదులు, లాండ్రీ, జనరేటర్లు అన్నీ దీవి మధ్యలో చెట్ల చాటున ఉంటాయి, మీరు నడిచే దారుల్లోంచి కనిపించకుండా. తువ్వాలు రెండుసార్లు వాడుకోవడం, తినగలిగినంతే వడ్డించుకోవడం, పేరు పెట్టి పలకరించడం అక్కడ మర్యాద ఒక్కటే కాదు, నిజమైన సాయం కూడా.

అపోహ: నీళ్ల మీది ఇల్లే అసలైన మాల్దీవుల ఇల్లు

అక్కడివాళ్ల సంప్రదాయ ఇళ్లు నేల మీదివే. పగడపు రాయి గోడలు, కొబ్బరాకు కప్పు. నీళ్లలో స్తంభాల మీద హోటల్‌ గది కట్టే ఆలోచన 1967లో ఫ్రెంచ్‌ పాలినీషియాలో హోటల్‌ నడిపిన ముగ్గురు అమెరికన్లది. అక్కడి నుంచి మాల్దీవులకు చేరింది. వాటర్‌ విల్లాలో ఒక రోజు ఉండటం బాగానే ఉంటుంది. కానీ మధ్యాహ్నం నీడ ఉండదు, గాలి వీచే కాలంలో అలల మోత రాత్రంతా వినిపిస్తుంది, చిన్నపిల్లలుంటే మెట్ల దగ్గర గుండె గుప్పిట్లో పెట్టుకోవాలి. కొన్ని రిసార్ట్‌లు పసివాళ్లతో వచ్చేవారికి వాటిని ఇవ్వవు కూడా. చెట్ల మధ్య ఉండే బీచ్‌ విల్లాలో నీడ, చాటు రెండూ ఎక్కువ. ధర తరచూ తక్కువ.

అపోహ: ఆ తెల్లటి ఇసుక అక్కడ ఎప్పుడూ ఉండేదే

నీళ్లలో తల ముంచి చెవి పెడితే కరకరమని నమిలే చప్పుడు వినిపిస్తుంది. చిలకచేపలు పగడపు దిబ్బను ముక్కులాంటి పళ్లతో కొరుకుతున్నాయి. రాతి మీది నాచు కోసం సున్నపురాయినీ కొరికి, గొంతులోని మరో వరస పళ్లతో నలిపి, మిగిలిన పిండిని బయటికి వదులుతాయి. ఆ పిండే ఇసుక. బా అటోల్‌కు (అటోల్‌ అంటే పగడాల వలయం) చెందిన వక్కారు దీవి దగ్గర శాస్త్రవేత్తలు లెక్కకట్టినప్పుడు, కొత్తగా తయారయ్యే ఇసుకలో 85 శాతానికి పైగా ఈ చేపల నుంచే వస్తోందని తేలింది. కాళ్లకు అంటుకున్న ఆ మెత్తదనానికి కారణం ఆ చేపే అని తెలిశాక, దాన్ని ఊరికే రంగుల చేపగా చూడలేం.

ఆ ఇసుక నిలకడగానూ ఉండదు. నైరుతి గాలులు వీచినప్పుడు దీవికి ఒక వైపు కోసుకుపోయి మరో వైపు పేరుకుంటుంది. ఈశాన్య గాలులకు తిరిగి వస్తుంది. దీవులు సహజంగా ఇలాగే కదులుతాయి. అయితే విల్లాలు కదలవు కాబట్టి రిసార్ట్‌లు ఇసుక బస్తాలు పేరుస్తాయి, పంపులతో లగూన్‌ అడుగు నుంచి ఇసుక తోడి పోస్తాయి. మీరు వెళ్లేసరికి గది ముందు బీచ్‌ సన్నగా ఉంటే మోసమని గొడవపడకండి, బుక్‌ చేసేటప్పుడే ఆ నెలలో బీచ్‌ ఏ వైపు వెడల్పుగా ఉంటుందో అడగండి. నేల సగటు ఎత్తు మీటరున్నర మాత్రమే ఉన్న ఈ దేశాన్ని పెరిగే సముద్రం నుంచి కాపాడేది ఆ పగడపు దిబ్బే. 1998లో, 2016లో నీరు వేడెక్కి అది విస్తారంగా తెల్లబారింది. పగడం రాయి కాదు, బతికున్న ప్రాణి. దాని మీద నిలబడి సెల్ఫీ తీసుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

అపోహ: వర్షాకాలంలో వెళితే డబ్బు దండగ

మన రైతుల కార్తెల లెక్క మాల్దీవుల్లో ఇప్పటికీ ఉంది. వాళ్లు నకై అంటారు. ఏడాదికి 27, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు, పేర్లు నక్షత్రాలవే. మన రోహిణి వాళ్లకు రోను, మృగశిర మియహెలి. మన దగ్గర విత్తనం వేయడానికి చూసుకుంటే, అక్కడ చేపలవేటకు, సముద్రయానానికి చూసుకుంటారు. వాతావరణాన్ని బట్టి స్థూలంగా ఏడాది రెండు భాగాలు: మే నుంచి నవంబర్‌ దాకా గాలీ వానా ఎక్కువుండే నైరుతి కాలం, డిసెంబర్‌ నుంచి ఏప్రిల్‌ దాకా పొడిగా ఉండే ఈశాన్య కాలం. ధరలు రెండోదాంట్లో ఆకాశాన్నంటుతాయి.

నైరుతి కాలంలో వాన రోజంతా కురవకపోవచ్చు. తరచూ గంటసేపు దంచికొట్టి, ఆ వెంటనే ఎండ కాస్తుంది. కొన్నిసార్లు రెండు మూడు రోజులు ముసురు పట్టడమూ నిజమే. కానీ ఆ గాలులే ప్లాంక్టన్‌ అనే సూక్ష్మజీవులను తూర్పు అంచులకు చేరుస్తాయి. బా అటోల్‌లోని హనిఫారు బేకు జూన్‌, నవంబర్‌ మధ్య మాంటా రేలు అనే పెద్ద రెక్కల చేపలు వాటిని మేయడానికి గుంపులుగా వస్తాయి. నోళ్లు తెరుచుకుని, ఒకదాని వెనక ఒకటి వలయాలు తిరుగుతాయి. 2011లో యునెస్కో ఈ అటోల్‌ను జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. హనిఫారులో సిలిండర్‌తో లోతుకు మునిగే స్కూబా నిషేధం, గైడ్‌తో నీటి పైనే తేలుతూ చూసే స్నార్కెలింగ్‌ ఒక్కటే, అదీ 45 నిమిషాలు. మాంటాలను చూడాలనుకునేవాళ్లకు వర్షాకాలమే మంచి కాలం, ఖర్చూ తక్కువ.

అపోహ: రాత్రయితే సముద్రం నక్షత్రాల్లా వెలుగుతుంది

వాధూ దీవి పేరుతో తిరిగే ఆ ఫొటోలు నిజమే, కానీ ఆ వెలుగు ఒక్క బీచ్‌కో ప్రతి రాత్రికో సంబంధించింది కాదు. కదిలిస్తే మెరిసే సూక్ష్మజీవులది. ఏ దీవిలోనైనా కనిపించొచ్చు, వారం ఉన్నా కనిపించకపోవచ్చు. దీనికోసమే ప్యాకేజీ అమ్మేవాళ్లను నమ్మకండి.

అపోహ: సంచిలో ఏం పెట్టుకున్నా ఎవరూ అడగరు

రిసార్ట్‌లో మద్యం దొరుకుతుంది కానీ బయటి నుంచి తీసుకెళ్లకూడదు. డ్యూటీఫ్రీలో కొన్న సీసా కస్టమ్స్‌ వాళ్లు తీసి ఉంచి, తిరిగి వెళ్లేటప్పుడు ఇస్తారు. పంది మాంసం, 2024 చివరి నుంచి ఈ-సిగరెట్లు కూడా నిషిద్ధం. మనవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: పూజ కోసం దేవుడి విగ్రహాలు తీసుకెళ్లడం అక్కడి కస్టమ్స్‌ నిషేధాల జాబితాలో ఉంది. బ్యాగులో అలవాటుగా ఉండే చిన్న వినాయకుణ్ని ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

అపోహ: సొరచేపలకే భయపడాలి, లగూన్‌లో ప్రమాదం లేదు

విల్లా మెట్ల కింద తిరిగే నల్లరెక్క సొర పిల్లలు మనిషిని చూస్తే తప్పుకుంటాయి. 2010లోనే ఆ దేశం సొరల వేటను నిషేధించింది. అసలు ప్రమాదం నీటిదే. లగూన్‌ నుంచి బయటి సముద్రానికి తెరుచుకునే కాలువల్లో ఆటుపోట్ల వేళ ప్రవాహం బలమైన ఈతగాణ్నీ లాక్కుపోతుంది. పైకి నీరు అద్దంలా ఉంటుంది. పర్యాటకుల మరణాలు స్నార్కెలింగ్‌లో, ఈతలో జరుగుతూనే ఉన్నాయి. మనలో చాలామందికి ఈత రాదు. రాదని చెప్పడానికి మొహమాటపడతాం. వెళ్లిన మొదటి రోజే డైవ్‌ సెంటర్‌కు వెళ్లి, ప్రవాహం ఏ వైపు ఉంది, దిబ్బ మీదికి ఎక్కడ దిగాలి, ఎక్కడ పైకి రావాలి అని అడగండి. లైఫ్‌జాకెట్‌ తీసుకోండి. ఒంటరిగా దిగొద్దు. మబ్బు పట్టినా పొడుగుచేతుల ఈత చొక్కా వేసుకోండి, భూమధ్యరేఖకు అంత దగ్గరలో వీపు గంటలో కాలిపోతుంది. స్కూబా చేసినవాళ్లు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, సీప్లేన్‌ కూడా విమానమే. చివరి డైవ్‌ ఆ లెక్క ప్రకారం పెట్టుకోండి.