లేవీయకాండము దగ్గర ఆగిపోయారా?

ఏటా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు అందుకోని విశ్వాసి మన సంఘాలలో అరుదు. కొన్ని సంఘాలలో దాంతోపాటు బైబిలు పఠన పట్టిక కూడా ఇస్తారు. కార్డును అక్కడికక్కడే చదువుకుని, పక్కవారికి చూపించి, ఇంటికి వెళ్లాక గోడకు అంటిస్తాం. పట్టికను మాత్రం మడిచి బైబిలులో పెట్టుకుంటాం. ఏడాది చివర అది ఏ పేజీలో ఉందో చూస్తే, చాలా బైబిళ్లలో లేవీయకాండము దగ్గరే దొరుకుతుంది.

దీనికో లెక్క ఉంది. బైబిలులో 66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం అయిదు చదివితే ఏడాదిలో పూర్తవుతుందని పెద్దలు చెబుతుంటారు. ఆ లెక్కన జనవరి 1న మొదలుపెడితే సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ఆదికాండము 50 అధ్యాయాలూ అయిపోతాయి. యోసేపు కథ అంటే పిల్లలు సైతం కూర్చుని వింటారు. ఆ తర్వాత మోషే, ఎర్ర సముద్రం, సీనాయి కొండ. రిపబ్లిక్ డే నాటికి ప్రత్యక్ష గుడారపు పలకలు, తెరలు, కొలతలు వస్తాయి. నెలాఖరుకు లేవీయకాండము. దహనబలి, నైవేద్యం, పాపపరిహారార్థ బలి, కుష్ఠు పరీక్షలు. సరిగ్గా అక్కడే ఒక రోజు తప్పుతుంది. మర్నాడు ఆరు అధ్యాయాలు చదవాలి. వారం తప్పితే బాకీ ఇరవై మూడు అధ్యాయాలు. అప్పు తీర్చలేనివాడు షావుకారు వీధిలోంచి నడవడం మానేసినట్టు, విశ్వాసి బైబిలుకే మొహం చాటేయడం మొదలుపెడతాడు. పట్టిక తప్పడం చిన్న సంగతే. దానివల్ల వాక్యానికే దూరమైపోవడం మాత్రం చిన్న సంగతి కాదు.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవాడు స్వయంగా ఒక పట్టిక తయారు చేసిన దైవజనుడే కావడం విశేషం. ఆయన రాబర్ట్ మర్రే మెక్‌షేన్. 1813లో ఎడిన్‌బరోలో పుట్టారు. 1836 నుంచి స్కాట్లాండులోని డండీ పట్టణంలో సెయింట్ పీటర్స్ చర్చి కాపరిగా ఉన్నారు. 1842 డిసెంబరు 30న తన సంఘానికి ఒక ఉత్తరం రాసి, కొత్త సంవత్సరానికి పఠన పట్టికను దానికి జతచేశారు. దానికి ‘అనుదిన ఆహారం’ అని పేరు పెట్టారు. ఈనాటికీ లోకమంతటా విశ్వాసులు వాడుతున్న పట్టిక అది.

రోజుకు నాలుగు అధ్యాయాలు, నాలుగు వేర్వేరు చోట్ల నుంచి. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. జనవరి 1న చదవవలసినవి ఆదికాండము, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు, ఈ నాలుగింటిలో మొదటి అధ్యాయాలు. సృష్టికి ఆరంభం, క్రీస్తు జననం, చెర నుంచి తిరుగు ప్రయాణం, సంఘానికి ఆరంభం. నాలుగు ఆరంభాలు ఒకే ఉదయం! మనల్ని ఆపేసే లేవీయకాండము ఇందులో మార్చి 30న వస్తుంది. ముందురోజు యోహాను 19వ అధ్యాయంలో సిలువ. ఆ రోజు లేవీయకాండము 1లో దహనబలి, పక్కనే యోహాను 20లో ఖాళీ సమాధి. బలి గురించిన అధ్యాయాన్ని ఒంటరిగా చదవడం వేరు, సిలువ పక్కన పెట్టుకుని చదవడం వేరు. విసుగుపుట్టించే అధ్యాయాలు అనే మాట అప్పుడు నోట రాదు.

ఉత్తరంలో పట్టిక వల్ల కలిగే మేళ్లు రాశారు సరే, వాటికంటే ముందు ప్రమాదాలు రాశారు. చదవడం ఆచారంగా మారిపోవచ్చు. చదివేశానన్న స్వనీతి రావచ్చు. అజాగ్రత్తగా పేజీలు తిప్పేయవచ్చు. నాలుగోది, మోయలేని కాడి కావచ్చు. అలా కాడి అయినవారు ఆ సంకెళ్లను పక్కన పడేసి, దేవుని వాక్యంలో స్వేచ్ఛగా మేయాలని ఆయన సలహా. తాను తయారు చేసిన పట్టికనే అవసరమైతే వదిలేయమని చెప్పిన కాపరి ఎంతమంది ఉంటారు? గొర్రెలు మేయడం ఆయనకు ముఖ్యం గానీ, ఏ గట్టున మేస్తున్నాయన్నది కాదు.

బాకీ పడినవారి సంగతి ఆలోచించినప్పుడు నిర్గమకాండము 16వ అధ్యాయం గుర్తొస్తుంది. మన్నాను ఏ రోజుకారోజు ఏరుకోవాలి. దాచుకుంటే పురుగు పట్టింది. విశ్రాంతిదినం కోసం ఆరో రోజున మాత్రం రెండింతలు ఏరుకోవాలి. నిన్న ఏరుకోనివాడు ఇవాళ దానికీ కలిపి ఏరాలన్న నియమం ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. కాబట్టి పది రోజులు తప్పినవారు పది రోజులవీ ఒక్క ఆదివారం మధ్యాహ్నం మింగాలని చూడనక్కర్లేదు. ఈ రోజు తేదీకి ఎదురుగా ఏముందో అది తెరిస్తే చాలు. తప్పినవాటికి పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకోండి, వాటికీ ఒక రోజు వస్తుంది.

అలాగని వాటిని శాశ్వతంగా దాటేయడం కూడా మంచిది కాదు. పొరుగువారిని మనలాగే ప్రేమించాలన్న ఆజ్ఞను యేసుప్రభువు రెండో ముఖ్యమైన ఆజ్ఞగా ఎత్తి చూపింది లేవీయకాండము 19 నుంచే. బలుల అధ్యాయాలు చదవనివారికి హెబ్రీ పత్రిక 9, 10 అధ్యాయాలు సగమే అర్థమవుతాయి.

మెక్‌షేన్ మాత్రం ఆ ఏడాది లేవీయకాండము దాకా రాలేదు. జ్వరపీడితులను పరామర్శించడానికి ఇల్లిల్లూ తిరుగుతూ టైఫస్ బారిన పడి 1843 మార్చి 25న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 29 ఏళ్లు. ఆ రోజు సంఘం చదవవలసిన నాలుగు అధ్యాయాలలో ఒకటి యోహాను 15, ద్రాక్షావల్లి, తీగెల అధ్యాయం.

ఆ పట్టికలో ఇంకో సంగతి కూడా ఉంది. నాలుగు వరుసల్లో రెండు ఏకాంత ధ్యానానికి, రెండు కుటుంబ ప్రార్థనకు. ఫోనులో ఎవరి యాప్ వారు చూసుకునే ఈ కాలంలో ఆ రెండో భాగం మనకు జారిపోతోంది. ప్రకటన గ్రంథం మొదట్లోనే చదివేవాడికీ, వినేవారికీ కలిపి ధన్యత చెప్పారు. అక్షరం రాని పెద్దలున్న ఇళ్లలో ఇది ఇప్పటికీ కనిపిస్తుంది. హైస్కూలు మనవరాలు గట్టిగా చదువుతుంది. మెఫీబోషెతు అనే పేరు దగ్గర తడబడితే అందరూ నవ్వుతారు. చాప మీద కూర్చున్న నాయనమ్మకు పట్టికతో పనిలేదు. నిన్న ఎక్కడ ఆపారో ఆమెనే అడుగుతారు.