తెల్లనీళ్ళ మీద మూడు రోజులు

అమ్మలూ, దేవప్రయాగ నుంచి రిషికేశ్ దాకా గంగమీద మూడు రోజుల రాఫ్టింగ్‌కి బయల్దేరుతున్నావట. మీ అమ్మ భయం మీ అమ్మది. నాకైతే సంతోషమే, వెళ్ళి రా తల్లీ. బదరీనాథ్ యాత్రకి పోయే మనవాళ్ళంతా బస్సు కిటికీలోంచి చూసే నదిని నువ్వు నీళ్ళమీంచి చూడబోతున్నావు. ఏం చూడాలో నాలుగు ముక్కలు చెప్తాను, విను.

పడవ ఎక్కేముందు రఘునాథస్వామి గుడి కింద మెట్లు దిగి సంగమం దగ్గర కాసేపు నిలబడు. బదరీనాథ్ వైపునుంచి అలకనంద, గోముఖం వైపునుంచి భాగీరథి వచ్చి కలుస్తాయి. గంగ అన్న పేరు అక్కణ్ణుంచే. చాలా రోజుల్లో రెండూ రెండు రంగుల్లో, కలిసీ కలవనట్టు పక్కపక్కనే పారుతుంటాయి. ఆ తేడా ఎక్కడిదంటే, హిమానీనదం అడుగున రాళ్ళు ఇరుక్కుని ఉంటాయి. అది కొండమీద జారుతూ రాతిని అరగదీస్తుంటే మెత్తటి రాతిపొడి రాలుతుంది. ఆ పొడి పారే నీళ్ళలో ఓ పట్టాన కిందికి దిగదు. భాగీరథి మీద పైన 260 మీటర్ల ఎత్తైన టెహ్రీ డ్యామ్ ఉంది. అక్కడి జలాశయంలో నీళ్ళు నిలిచినప్పుడు ఒండ్రు చాలావరకు అడుక్కి చేరిపోతుంది. అలకనంద దారిలో అంత పెద్ద నిల్వ లేదు, అందుకే అది మడ్డిగా వస్తుంది.

నీళ్ళు బాగా మడ్డిగా ఉన్న రోజైతే, నది నెమ్మదించిన చోట రాఫ్ట్ అడుగుకి చెవి ఆనించు. ఇసుక రేణువులు రబ్బరుని రాసుకుంటూ పోయే ‘సుయ్’మనే చప్పుడు వినిపిస్తుంది. హిమాలయం అరిగి సముద్రానికి ప్రయాణమవుతున్న చప్పుడమ్మా అది!

ఇక ర్యాపిడ్లు, అంటే నది ఎగిసిపడుతూ ఉరికే చోట్ల సంగతి. దేవప్రయాగ సముద్రమట్టానికి దాదాపు 470 మీటర్ల ఎత్తున ఉంటే, రిషికేశ్ 340 మీటర్ల ఎత్తున ఉంది. మధ్య దూరం సుమారు 70 కిలోమీటర్లు. కిలోమీటరుకి రెండు మీటర్లు కూడా పల్లం లేదు. అంతా ఒకే వాలుగా దిగితే ఏ గొడవా ఉండేది కాదు. కానీ వానాకాలంలో పక్క కొండలమీంచి వచ్చే చిన్న వాగులు, గఢ్వాలీలు గదేరాలంటారు వాటిని, పెద్దపెద్ద బండల్ని తెచ్చి నదిలో పడేస్తాయి. గంగ చిన్నరాళ్ళని మోసుకుపోగలదు గానీ ఆ బండల్ని కదపలేదు. అవి అడ్డం పడ్డ చోట నది ఇరుకవుతుంది. వెనక నీళ్ళు నిలిచి మడుగు కడతాయి, అడ్డు దాటగానే ఒక్కసారిగా దూకుతాయి. నువ్వు ర్యాపిడ్ దాటినప్పుడల్లా ఒడ్డు వైపు చూడు. చాలాచోట్ల అక్కడో వాగు నోరు కనబడుతుంది.

ర్యాపిడ్‌లో నీళ్ళు తెల్లబడేది ఎందుకో తెలుసా? పటికబెల్లం ముక్క అద్దంలా ఉంటుంది, రోట్లో వేసి దంచితే తెల్లటి పొడి అవుతుంది. పదార్థం మారలేదు, వెలుగుని అటూ ఇటూ విరజిమ్మే అంచులు లెక్కలేనన్ని పుట్టాయి, అంతే. దూకే నీళ్ళలోకి గాలి బుడగలుగా చొరబడ్డప్పుడు జరిగేదీ ఇదే. ప్రతి బుడగా అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడుతుంది. అందుకే తెలుపు.

ఇక్కడే అసలు విషయం ఉంది, జాగ్రత్తగా విను. నిన్ను తేల్చేది నీళ్ళ బరువు. నువ్వు పక్కకి నెట్టిన నీళ్ళు ఎంత బరువో అంత బలంతో నది నిన్ను పైకెత్తుతుంది. సగం గాలే ఉన్న నురగకి అంత బరువెక్కడిది? నిశ్చలమైన మడుగులో నిన్ను గడ్డందాకా తేల్చే లైఫ్ జాకెట్టు, దట్టమైన నురగలో ఓ క్షణం చేతులెత్తేస్తుంది. ఈత వచ్చినవాళ్ళకీ అంతే. చేయి వేస్తే పట్టు దొరకదు. నురగ దాటి పచ్చటి నీళ్ళలోకి రాగానే జాకెట్టు మళ్ళీ పైకి లాగుతుంది. ఆ కాసేపూ ఊపిరి బిగబట్టి ఓపిక పట్టాలి.

ఇంకో వింత. సముద్రంలో అల ముందుకొస్తుంది, నీళ్ళు దాదాపు ఉన్నచోటే ఊగుతాయి. ర్యాపిడ్‌లో ఇది సరిగ్గా తిరగబడుతుంది. నీళ్ళు ఉరుకుతూనే ఉంటాయి, అల మాత్రం కదలకుండా అక్కడే లేచి నిలబడి ఉంటుంది. కిందున్న బండ కదలదు కనక అల కూడా కదలదు. అందుకే గైడు పైనుంచి చూసి, ఎటు పోవాలో ముందే తేల్చుకోగలడు. కొన్నిచోట్ల నీళ్ళు బండమీంచి దూకి వెనక్కే సుళ్ళు తిరుగుతాయి, ‘హోల్’ అంటారు. పడవని పట్టి ఆపేసేది అదే. కౌడియాలా అనే ఊరి కింద ‘ద వాల్’ అని పేరుపడ్డ ర్యాపిడ్ ఉంది, నది నేరుగా రాతిగోడకి కొట్టుకుంటుంది. అక్కడ గైడు దిగి ఒడ్డెంట నడవమంటే బేరాలాడొద్దు.

ఈ ర్యాపిడ్లకి ఎదురెక్కినవాళ్ళూ ఉన్నారు! ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1977లో జెట్‌బోట్లతో గంగాసాగరం నుంచి బయల్దేరి నందప్రయాగ దాకా వెళ్ళాడు. ఆ పైన ఓ జలపాతం ఆపేసింది.

రాత్రి గుడారం వేసేచోట నీటి అంచున ఓ పుల్ల గుచ్చు. పైన పగలు ఎండకి కరిగిన మంచు ఇంతదూరం చేరేసరికి చాలా గంటలు పడుతుంది. డ్యాముల్లోంచి వదిలే నీళ్ళూ తోడవుతాయి. తెల్లారేసరికి పుల్ల మునిగి ఉంటే ఆశ్చర్యపోకు. గుడారం, పడవ తాడు రెండూ ఎత్తునే ఉండాలి.

పడవలోంచి పడితే లేచి నిలబడాలని చూడకు. తొడల లోతు నీళ్ళు సెకనుకి మీటరున్నర వేగంతో వస్తే నీ కాళ్ళమీద తోపు సుమారు 15 కిలోలు. వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే 60 కిలోలు. కాలు రాళ్ళమధ్య ఇరుక్కుంటే ఆ బరువు నిన్ను మీదకి వంచి ముంచేస్తుంది. వెల్లకిలా పడుకుని, పాదాలు పైకి తేల్చి, ప్రవాహం పోయే వైపు చాపు. రాళ్ళు ఎదురైతే కాళ్ళతో తన్ని తప్పుకోవచ్చు. మంచునీళ్ళు తగలగానే గుండె జల్లుమని నోరు తెరుచుకుంటుంది, అది ఒంటి తీరు. ముందు ఊపిరి కుదుటపడనీ, తర్వాతే ఈత.

దేవప్రయాగ ఘట్టంలో ఇనప గొలుసులు కట్టిందీ ఈ తోపు తెలిసే. మీ నానమ్మ చెప్పిన మూడు మునకలూ గొలుసు పట్టుకుని అక్కడే వెయ్యి. దారిలో మడుగు ప్రశాంతంగా కనబడితే, గంగలో మునకేద్దామని జాకెట్టు విప్పేవాళ్ళుంటారు. నీ స్నేహితులెవరైనా అలా చేస్తే చెయ్యి పట్టి ఆపు. జాకెట్టుతో మునిగినా గంగాస్నానమేనని మీ నానమ్మే చెప్పింది, ఆవిడ మాటగా చెప్పు.