యల్లాప్రగడ సుబ్బారావు మందు – కణం చెప్పిన జవాబు

రొట్టె పిండిని పొంగజేసే పులిసిన ముద్దను ఉర్దూలో ఖమీర్ అంటారు. ఎంజైముకు ఉర్దూ విజ్ఞాన గ్రంథాలలో వాడే ‘ఖామిరా’ అన్న పేరు ఆ మాటకు దగ్గరి చుట్టమే. గ్రీకు నుండి వచ్చిన ఎంజైము అన్న పదానికీ ‘పులిసిన పిండిలోనిది’ అనే అర్థం. తెలుగులో ఇంత ఇంపైన పేరు దీనికి కుదరలేదు గాని, ఎంజైముల చరిత్రలో ఒక ముఖ్యాధ్యాయం మాత్రం తెలుగువాని చేతి మీదుగా నడిచింది.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరుని బలిగొన్నది. మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో అమెరికా చేరి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫరస్ పదార్థాలను వెలికితీశారు. 1940లో లెడర్లే పరిశోధనాలయంలో ప్రవేశించిన పిదప ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఇది ఆకుకూరలలో ఉండే విటమిను. నేడు మన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలోనిది. స్ప్రూ రోగులకు సైతం ఇదే ఔషధమైనది.

ఫోలిక్ ఆమ్లం ఉన్నదున్నట్లుగా కణానికి ఉపయోగపడదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము దానికి హైడ్రోజనును చేర్చి పనికివచ్చే రూపానికి తేవాలి. (పేరు చూచి విద్యార్థులు బెదరనక్కరలేదు, ఇకపై దీనిని ‘మన ఎంజైము’ అందాము.) ఆ రూపం లేనిదే డి.ఎన్.ఏ. లోని నాలుగు అక్షరాలలో ఒకటైన థైమిన్ తయారు కాదు. థైమిన్ లేనిదే కణం రెండుగా చీలదు. అదుపు తప్పి చీలిపోయే కణాలే క్యాన్సరు గనుక, ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పని చేయని పదార్థాన్ని ఇస్తే ఏమవుతుంది? సుబ్బారావు బృందం అందించిన అమినోప్టెరిన్‌ను బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు గల పిల్లలకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. కాని అది కొంతకాలమే నిలిచింది. వ్యాధి మరల తిరుగబెట్టేది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు 53వ యేట కన్నుమూశారు.

గుణం ఎందుకు కలిగింది? ఎందుకు నిలువలేదు? మొదటి ప్రశ్నకు జవాబు ఎంజైము ఆకృతిలోను, రెండవదానికి జవాబు జన్యువులోను దొరికాయి.

అమినోప్టెరిన్ స్థానంలో తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ను పట్టుకొని ఉన్న ఎంజైము చిత్రాన్ని 1977లో ఎక్స్-కిరణాలతో సాధించారు. ఆ ఎంజైము ఇ. కోలి బాక్టీరియాది, 159 అమైనో ఆమ్లాల గొలుసు మడతపడి, నడుమ ఒక లోతైన పగులు ఏర్పడుతుంది. విటమిను కూర్చోవలసిన ఆ పగులులో మందు తిష్ఠ వేసింది. విచిత్రమేమనగా, విటమిను కూర్చునే తీరుకు మందు ఉంగరం తలక్రిందులుగా తిరిగి ఉంటుంది. అయినా విటమిను కంటె వేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఈ తేడాకంతటికీ ముఖ్యకారణం ఆక్సిజన్ ఉండవలసిన ఒకచోట అమైనో సముదాయం చేరడమే!

ఇక జన్యువు మాట. స్టాన్‌ఫర్డులో రాబర్ట్ షిమ్కీ బృందం మెథోట్రెక్సేట్‌కు లొంగని ఎలుక కణాలను పరిశీలించింది. వాటిలో మన ఎంజైము వందల రెట్లు అధికంగా ఉన్నది. 1978లో తేలినదేమంటే, ఆ కణాలు ఎంజైము జన్యువునే అనేక ప్రతులుగా పెంచుకున్నాయి. మందు ఎన్ని తాళాలు బిగించినా కణం అంతకు మించిన తలుపులు కట్టుకున్నదన్నమాట. మందు ఆపివేస్తే కొన్ని కణాలు ఆ అదనపు ప్రతులను క్రమంగా పోగొట్టుకున్నాయి. మరికొన్నింటిలో అవి క్రోమోజోములోనే స్థిరపడిపోయాయి.

ఇంతకంటె నన్ను అబ్బురపరచినది 1993 నాటి పరిశోధన. మానవ కణాలలో మన ఎంజైము తనను తయారు చేసే సందేశ ఆర్.ఎన్.ఏ.ను తానే పట్టుకోగలదు. తాను సమృద్ధిగా ఉన్నప్పుడు అలా పట్టుకొని తన తయారీని తానే ఆపుతుంది. మందు వచ్చి ఎంజైమును బంధించగానే సందేశం విడుదలై తయారీ మరల పెరుగుతుంది. మన జూరాల గేట్లు దించే మనిషినే ఎవరో పట్టుకొనిపోతే నీరు ఆగుతుందా?

అందువలననే రక్తక్యాన్సరుకు ఈ ఒక్క మందుతో సరిపెట్టక, వేరువేరు చోట్ల దెబ్బతీసే మందులను కలిపి ఇస్తారు. కీళ్లవాతానికి ఇదే మెథోట్రెక్సేట్‌ను స్వల్ప మోతాదులో వాడుతారు, అదీ వారానికి ఒక్కసారే. ఈ సంగతి ఇంటిలో పెద్దలకు మాత్రలందించే విద్యార్థులు తప్పక గుర్తుంచుకోవాలి. వారపు మాత్రను ప్రతిదినం మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. అట్టివారికి వైద్యులు ఇచ్చే విరుగుడు ఫోలినిక్ ఆమ్లం. మన ఎంజైముతో పని లేకుండానే కణం దానిని వాడుకోగలదు.