సిడ్ లక్‌మన్ మళ్ళీ నేర్చుకున్న ఆట

మన హాస్టల్‌లో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. అమెరికా వారి ఫుట్‌బాల్ ఎక్కువగా చేతులతోనే! కోడిగుడ్డు ఆకారపు బంతిని పట్టుకుని పరుగెత్తాలి, లేదా విసరాలి. ఆ ఆటలో పేరు పొందిన యూదు క్రీడాకారుడు సిడ్ లక్‌మన్.

1916లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతుండగా 1936లో తండ్రికి హత్య కేసులో జైలుశిక్ష పడింది. "మీ నాన్న ఏం చేస్తాడు?" అంటే తల దించుకునే తమ్ముళ్ళు మనలోనూ ఉన్నారు. అందుకే ఈ సంగతి దాచకుండా రాస్తున్నాం.

1939లో చికాగో బేర్స్ జట్టులో చేరాడు. కాలేజీలో అతను వెనుక దూరంగా నిలబడి బంతి అందుకునేవాడు. ఇక్కడ 'టి ఫార్మేషన్' అనే పద్ధతి. మధ్య ఆటగాడి వెనుకే ఆనుకుని నిలబడి, బంతి చేతికందగానే తిరిగి, ఒకరికి ఇస్తున్నట్లు నటించి మరొకరికి ఇవ్వాలి. అడుగులు వేయడం దగ్గర్నుంచి మళ్ళీ నేర్చుకున్నాడు. అప్పుడతని వయసు మా వయసే! మరుసటి ఏడాదే ఫైనల్లో బేర్స్ 73-0తో వాషింగ్టన్‌ను ఓడించింది. అతనున్న కాలంలో మొత్తం నాలుగు ఛాంపియన్‌షిప్‌లు గెలిచింది. 1965లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

1943 నవంబర్ 14న సొంత ఊరు న్యూయార్క్‌లో అతన్ని సన్మానించారు. ఆ రోజే జెయింట్స్ జట్టుపై ఏడు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. అప్పటికి తండ్రి అదే రాష్ట్రంలోని సింగ్‌సింగ్ జైలులో ఉన్నాడు. మరుసటి ఏడాది జైలులోనే చనిపోయాడు.